అశ్వహృదయము

నలోపాఖ్యానమును విననివారు తెలుగునాట అరుదు. జూదమున రాజ్యమును గోల్పోయి, కర్కోటకుని కాటుచే రూపము మాఱిన నలుడు బాహుకుడను పేర అయోధ్యాపతియగు ఋతుపర్ణుని కొలువున సారథియై యుండెను. దమయంతి మఱల స్వయంవరము చాటించినదను వార్త విని, ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భను చేరవలెనని కోరెను. అప్పుడు బాహుకుడు గుఱ్ఱపుసాలలోనికి పోయి, చూపులకు బక్కచిక్కిన గుఱ్ఱములనే ఏరి తెచ్చెను. అవి దారి మధ్యముననే కూలబడునేమో యని రాజు శంకించెను. కాని ఆ బక్కగుఱ్ఱములే గాలివలె రథమును గొంపోయెను. ఆశ్చర్యపడిన ఋతుపర్ణుడు తన యెఱిగిన అక్షహృదయమును నలున కిచ్చి, మాఱుగా అశ్వహృదయమును వేడెను.

అంతకంటె మనోహరమగు ఘట్టము కుండిన నగరమున జరిగినది. నలుని పూర్వపు గుఱ్ఱములు అప్పటికి అచటనే యుండెను. జూదపు దినములలో దమయంతి తన బిడ్డలను పుట్టింటికి పంపినపుడు వార్ష్ణేయుడను సారథి తోలుకొనివచ్చి విడిచిపోయిన గుఱ్ఱములవి. బాహుకుని రథధ్వని చెవిని బడగానే, అవి మునుపు నలుని సన్నిధిని ఉన్నప్పటివలెనే సంతసించెనని భారతము చెప్పుచున్నది. ఆ ధ్వనియే దమయంతికిని మొదటి యాశ కల్పించెను. కురూపియగు బాహుకుని కన్నులార చూచినవారు పోల్చలేకపోయిరి. చూడకయే గుఱ్ఱములు పోల్చినవి.

ఆ అశ్వహృదయ మనునది ఏమి? అది మంత్రమని కొందఱందురు. మంత్రమే యైనచో గురుముఖమున ఉపదేశము పొందినవానికి తప్ప తక్కినవారికి అందరానిది. కాని నాలుగువేల యేండ్ల చరిత్రను తిరుగవేసి చూచినచో, ఓర్పుతో గుఱ్ఱమును కనిపెట్టి చూచినవారికి కొంచెము కొంచెముగా దొరకిన విద్య అదియని తోచును. ఆ విద్య యున్నచోట గుఱ్ఱములు బ్రదికినవి. లేనిచోట వేలకువేలు చచ్చినవి.

ముందుగా గుఱ్ఱపు స్వభావమును తెలియవలెను. గుఱ్ఱము వేటాడు జంతువు గాదు, వేటాడబడు జంతువు. దానికి కొమ్ములు లేవు, వాడిగోళ్ళు లేవు. పరుగే దాని కోట. కావున ప్రకృతి దానికి అపాయమును ముందుగా పసిగట్టు ఇంద్రియముల నొసగెను. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే అది తల త్రిప్పకయే ఇంచుమించు తన చుట్టును చూడగలదు. నొసటికి సరిగా ఎదుటను, తోకకు సరిగా వెనుకను మాత్రము దానికి కనబడని తావులు కలవు. గుఱ్ఱము వెనుక నిలువరాదని పెద్దలు చెప్పుటలోని మర్మమిదియే. కనబడని వస్తువు వెనుక కదలినచో అది శత్రువో మిత్రమో అని విచారించుచు కూర్చుండదు. తన్నును, లేదా పరుగెత్తును. దానిని మనుష్యుడు పొగరనుకొనును. అది పొగరు గాదు, బెదురు.

చెవులు రెండును వేర్వేఱుగా తిరుగగలవు. చెవి యెటు తిరిగినదో దాని మనసు అటున్నదని యెఱుగవలెను. చెవులు వెనుకకు మడిచి మెడకు అంటించినచో కోపగించినదని గుర్తు. గుఱ్ఱము నిలుచుండియే కునుకుతీయగలదు. ఒడలెల్ల నేలకు వాల్చి గాఢముగా నిద్రించుట తనకు భయము లేదని నమ్మినపుడే. అది ఒంటరిగా బ్రదుకనేరదు. మందలో ఒకదాని మూపును ఒకటి పండ్లతో గోకుచు చెలిమి తెలుపుకొనును. మందలో మాటలు లేవు. చెవి కదలిక, మెడ వంపు, అడుగు వేగము, ఇవియే దాని భాష. ఒకటి ఉలికిపడినచో తక్కినవన్నియు అదే క్షణమున ఉలికిపడును. ఇతరుల శరీరమును చదువుటయే గుఱ్ఱమునకు ప్రాణరక్షణము. మనుష్యుని చెంతకు వచ్చినపుడును అది ఆ చదువును మఱవలేదు.

అట్టి పిఱికి జంతువు మనుష్యుని ఎప్పుడు చేరదీసికొన్నది? ప్రాచీనములగు గుఱ్ఱపు టెముకలనుండి జన్యువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు 2021వ సంవత్సరమున ఒక నిర్ణయమును ప్రకటించిరి. నేడు లోకమందున్న పెంపుడు గుఱ్ఱముల మూలస్థానము వోల్గా, డాన్ నదుల దిగువ ప్రాంతపు పచ్చికబయళ్ళనియు, అచటినుండి సుమారు నాలుగువేల యేండ్ల క్రిందట అవి నలుదెసలకు వ్యాపించెననియు దాని సారాంశము. ఆ గుఱ్ఱములలో ముఖ్యముగా రెండు జన్యువులు ప్రబలినవట. ఒకటి వెన్ను బలమునకును, మఱియొకటి సాధుత్వమునకును సంబంధించినవని వారి యూహ. అనగా ఆ పచ్చికబయళ్ళవారు బలముతోపాటు నెమ్మదిని కూడ చూచి ఏరుకొనిరన్నమాట.

గుఱ్ఱమును తీర్చిదిద్దు విధమును గూర్చి నేటికి లభించిన మిక్కిలి పురాతన గ్రంథములలో ఒకటి టర్కీదేశమందలి బోగజ్‌కోయి గ్రామము వద్ద బయల్పడినది. అది పూర్వము హిట్టైటుల రాజధానియగు హట్టూసా. 1906లో త్రవ్వకములు మొదలైన ఆ చోట దొరకిన మట్టిపలకలలో, మితన్ని దేశీయుడగు కిక్కులి యను అశ్వశిక్షకుని గ్రంథము కలదు. క్రీస్తునకు పూర్వము పదునాలుగవ శతాబ్ది నాటి విద్య అది. రథాశ్వమును ఏ దినమున ఎంత దూరము నడిపింపవలెను, ఎంత దూరము పరుగిడింపవలెను, ఎప్పుడు కడుగవలెను, ఎప్పుడు మేతయు నీరును ఇయ్యవలెను అనునది నెలల తరబడి దినచర్యగా అందు వ్రాయబడినది. చదువరులకు ఆశ్చర్యము కలిగించు విషయ మింకొకటి కలదు. రథమును త్రిప్పు చుట్లను కిక్కులి ఐకవర్తన, తేరవర్తన, పంజవర్తన, సత్తవర్తన, నావర్తన అని పేర్కొనెను. ఏక, త్రి, పంచ, సప్త, నవ సంఖ్యలును, వర్తన శబ్దమును అందు తేటగా వినబడుచున్నవి. సంస్కృతమునకు చుట్టమగు భాషలోని గుఱ్ఱపు విద్య అంత దూరపు దేశమున మట్టిపలకల కెక్కినది.

ఆ గ్రంథమున అడుగడుగున కనబడునది తొందర లేకుండుట. మొదటిరోజుననే గుఱ్ఱమును విఱుగదోలుమని కిక్కులి చెప్పలేదు. కొంచెము నడక, కొంచెము పరుగు, పిదప విశ్రాంతి. మఱునాడు అంతకంటె కొంచెము హెచ్చు. పంతులు పిల్లవానికి ఓనమాలు దిద్దించునట్లు ఆ శిక్ష సాగినది.

క్రీస్తునకు పూర్వము నాల్గవ శతాబ్దమున గ్రీసు దేశస్థుడగు క్సెనొఫోన్ అశ్వవిద్యను గూర్చి ఒక గ్రంథము వ్రాసెను. అతడు సేనానాయకుడు, సోక్రటీసు శిష్యుడు. కోపముతో నెన్నడును గుఱ్ఱమును సమీపింపరాదని అతడు గట్టిగా బోధించెను. బలవంతముగా చేయించిన పని గుఱ్ఱమునకు అర్థము కాదనియు, నాట్యము చేయువానిని కొరడాతో కొట్టి ఆడించినచో ఆ ఆటలో అందము లేనట్లే ఇదియు నని అతని యభిప్రాయము. గుఱ్ఱము దేనినైన చూచి బెదరినచో కొట్టి ముందుకు తోలరాదు. కొట్టినచో ఆ నొప్పికి కారణము ఆ వస్తువే యని తలచి మఱింత బెదరును. గుఱ్ఱము తనంతట గోకికొనలేని తావులలో నిమురవలెనని కూడ అతడు చెప్పెను. మూపునొద్ద నిమిరినచో గుఱ్ఱపు గుండె వేగము తగ్గునని 1993లో శాస్త్రజ్ఞులు పరీక్షించి తేల్చిరి. క్సెనొఫోన్ చేతికి తెలిసిన సంగతి యంత్రమునకు తెలియుటకు రెండువేల మూడువందల యేండ్లు పట్టినది.

అలెగ్జాండరు కథయు ఇచట స్మరింపదగినది. బ్యుకెఫలస్ అను గుఱ్ఱమును అతని తండ్రి ఫిలిప్ కొలువులో ఎవ్వరును లొంగదీయలేకపోయిరి. బాలుడగు అలెగ్జాండరు మాత్రము అది తన నీడను చూచియే బెదరుచున్నదని గ్రహించెను. దాని మోమును సూర్యునివైపు త్రిప్పి నీడను వెనుకకు నెట్టి, మెల్లగా నిమురుచు కొంత దూరము ప్రక్కన నడచి, పిదప ఎక్కెనని ప్లూటార్కు వ్రాసెను. తక్కినవారు గుఱ్ఱమును చూచిరి. ఈ బాలుడు గుఱ్ఱము చూచుచున్న దానిని చూచెను. ఆ గుఱ్ఱము క్రీ.పూ. 326లో పోరసుతో జరిగిన జీలం నదీతీర యుద్ధము నాటికి మన దేశమునకు వచ్చి ఇచటనే కన్నుమూసెను. దాని పేర అలెగ్జాండరు ఒక పట్టణమును కట్టించెను.

మన దేశమున ఈ విద్యకు శాలిహోత్రుని ఆదిగురువుగా చెప్పుదురు. పాండవులలో నకులుడు అశ్వవిద్యయందు మేటి. విరాటుని కొలువున అతడు పూనిన పని గుఱ్ఱముల రక్షణమే. కౌటిల్యుని అర్థశాస్త్రమున అశ్వాధ్యక్షుని విధులు ప్రత్యేక ప్రకరణముగ నున్నవి. లెక్కలు వ్రాయువారు ఆ ప్రకరణమును చదివి ముచ్చటపడుదురు. ఏ గుఱ్ఱము ఎచటినుండి వచ్చినది, దాని వయసు, రంగు, గుర్తులు, జాతి ఏవి అనునదంతయు పట్టీ కెక్కవలెను. ఈనిన ఆడుగుఱ్ఱమునకు మూడు రాత్రులు నేయి త్రాగింపవలెను. యుద్ధముచేతను, రోగముచేతను, ముసలితనముచేతను పనికి మాలిన గుఱ్ఱములకు కూడ ఆహారమును ఏర్పఱచవలెను. చికిత్సలోని లోపముచే రోగము ముదిరినచో చికిత్సకగు వ్యయమునకు రెట్టింపు దండుగ. ఆ దోషముచే గుఱ్ఱము చచ్చినచో దాని వెల యంతయు దండుగ. గుఱ్ఱము గ్రుడ్డిదైనను దాణాకు తక్కువ లేదని తెలుగువారు వేళాకోళముగ ననుదురు గాని, గ్రుడ్డిదానికిని దాణా పెట్టవలెననుటయే ఆ శాస్త్రపు ధర్మము.

అయితే శాస్త్రములన్నియు ఒక్క తీరున లేవు. అశ్వలక్షణ గ్రంథములలో సుడుల ప్రసక్తి విస్తారముగ కలదు. నొసట సుడియున్న ఫలమేమి, రొమ్మున నున్న ఫలమేమి అని వానిలో వివరింతురు. తెలుగున మనుమంచిభట్టు హయలక్షణ విలాసమను పద్యగ్రంథమునే రచించెను. ఎద్దులను కొనువారు నేటికిని సుడులు చూచుట పల్లెలలో ఎఱిగినదే. ఆ గ్రంథములలో పండ్లనుబట్టి వయసు నిర్ణయించుట, నడకల భేదములు, మేత, మందులు మున్నగు ప్రయోజనకరమగు విషయములు పెక్కు కలవు. సుడిని చూచి గుఱ్ఱమును కొనుట వేఱు, కొన్న గుఱ్ఱపు చెవిని చూచి దాని మనసు నెఱుగుట వేఱు. మొదటిది అదృష్టమును వెదకుట. రెండవది గుఱ్ఱమును వెదకుట.

ఈ తేడా ఎంత వెలగలదో దక్షిణదేశ చరిత్ర చెప్పును. దక్షిణమున మేలుజాతి గుఱ్ఱములు పుట్టుట అరుదగుటచే రాజులు అరేబియా, పారసీక తీరములనుండి ఓడలపై తెప్పించుకొనిరి. 1292 ప్రాంతమున పాండ్యదేశపు తీరమును చూచిన మార్కోపోలో ఒక దారుణమగు లెక్క వ్రాసిపెట్టెను. అచటి రాజులు ఒక్కొక్కరు ఏటేట రెండువేలకు పైగా గుఱ్ఱములను కొనుచుండిరట. ఏడాది తిరుగునప్పటికి నూఱు కూడ మిగులకుండెనట. గుఱ్ఱములను సాకు విధమును అచటివా రెఱుగరనియు, వండిన యన్నమును మాంసమును మేపుదురనియు అతడు వ్రాసెను. గుఱ్ఱపు వైద్యులు వచ్చినచో గుఱ్ఱములు చావవు. చావనిచో మఱుసటి యేటి బేరము సాగదు. అందుచే వర్తకులు ఆ వైద్యులను తోడితేరు, రానీయరు అని కూడ అతడు చెప్పెను. బాటసారి లెక్కలో అతిశయోక్తి కొంత యుండవచ్చును. సగము కొట్టివేసినను, మిగిలిన సగమే గుండెలు కలచునట్టిది. ఆ గుఱ్ఱములు యుద్ధమున చావలేదు. తెలియనితనమున చచ్చినవి; తెలిసినవారు తెలియనీయకపోవుటచే చచ్చినవి.

విజయనగర కాలమునను ఈ వ్యాపారము సాగినది. గుఱ్ఱపు వర్తకుడగు పోర్చుగీసు దేశస్థుడు నూనిజ్ 1535 ప్రాంతమున విజయనగరమున నుండి తాను విన్నదియు కన్నదియు వ్రాసెను. సాళువ నరసింహరాయలు హోర్ముజు, ఏడెను రేవులనుండి వచ్చు గుఱ్ఱములను అడిగిన వెల కిచ్చి కొనుచుండెననియు, సముద్రముపై చచ్చిన గుఱ్ఱమునకు తోకను తెచ్చి చూపినను బ్రదికియున్న దానితో సమానముగ వెల చెల్లించెననియు అతని మాట. శ్రీకృష్ణదేవరాయలు ఏటేట పదుమూడువేల హోర్ముజు గుఱ్ఱములను, స్వదేశపు గుఱ్ఱములను కొనుచుండెనని కూడ నూనిజ్ వ్రాసెను. ఆ రాయలే తన ఆముక్తమాల్యదలోని రాజనీతి ఘట్టమున, గుఱ్ఱములు మొదలగునవి వచ్చునట్లు రేవులను పెంపొందింపవలెననియు, దూరదేశముల గుఱ్ఱపు వర్తకులను ఆదరించి అవి శత్రువులకు చేరకుండ చూచుకొనవలెననియు ఉపదేశించెను. గుఱ్ఱము రాజ్యమునకు ఊపిరియై యుండెను. తోకకు కూడ వెల కట్టగల ధనముండెను. కాని ధనముచే గుఱ్ఱము దొరకునే గాని గుఱ్ఱపు మనసు దొరకదు.

ఆ మనసును గూర్చిన వింత పరీక్ష ఒకటి ఇరువదవ శతాబ్దపు మొదట జర్మనీలోని బెర్లిను నగరమున జరిగినది. ఫాన్ ఓస్టెన్ అను వృద్ధుడగు ఉపాధ్యాయుడు హాన్స్ అను గుఱ్ఱమునకు కొన్నియేండ్లు బడిపిల్లవానికి వలె కూడికలు, తీసివేతలు, అక్షరములు నేర్పెను. ప్రశ్న అడిగినచో ఆ గుఱ్ఱము జవాబునకు సరిపడు సంఖ్యలో డెక్కతో నేలను తట్టుచుండెను. చూడవచ్చిన జనము విస్తుపోయిరి. 1904లో పెద్దల సంఘమొకటి పరీక్షించి, ఇందు మోసమేమియు కనబడలేదనెను. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అను పరిశోధకుడు మాత్రము అంతటితో తృప్తిపడలేదు. అడుగువానికి జవాబు తెలియకుండ చేసి అడిగించెను, గుఱ్ఱమునకును తెలియలేదు. అడుగువాడు కనబడకుండ కన్నులకు గంతలు కట్టెను, గుఱ్ఱము తికమకపడెను. తుదకు గుట్టు తెలిసినది. అడుగువాడు తనకు తెలియకయే డెక్కను చూచుటకు కొంచెము ముందుకు వంగును. సరియైన సంఖ్య రాగానే అతని తల వెండ్రుకవాసి పైకి లేచును. చుట్టు మూగిన విద్వాంసు లెవ్వరును కనుగొనని ఆ కదలికను గుఱ్ఱము కనుగొని డెక్కను నిలుపుచుండెను. ఈ గుట్టు తెలిసిన పిదప కూడ ఫుంగ్‌స్ట్ తన తల కదలికను తాను ఆపుకొనుట కష్టమయ్యెనట. పిమ్మట అతడే గుఱ్ఱము స్థానమున నిలిచి, ఇతరులు మనసున తలచిన సంఖ్యలను వారి కదలికలనుబట్టి తట్టి చూపెను. ఈ వృత్తాంతము 1907లో గ్రంథముగ వెలువడినది.

ఆ వృద్ధుడు మోసగాడు గాడు, నమ్మినవాడు. గుఱ్ఱమునకు గణితము నేర్పితినని అతడు తలచెను. ఆ యేండ్లన్నియు గుఱ్ఱమే అతనిని చదువుచుండెను. ఆ ఫలితము అతనిని మిక్కిలి నొప్పించినది. 1909లో అతడు మరణించెను. లోకులు గుఱ్ఱమునకు లెక్కలు రావని నవ్విరి. లెక్కలకంటె కష్టమగు విద్య దానికి వచ్చునని తలచినవారు కొందఱే.

ఇటీవలి పరీక్షలును దీనినే బలపఱచుచున్నవి. 2009లో స్వీడను దేశమున ప్రకటింపబడిన పరీక్ష ఒకటి కలదు. గుఱ్ఱమును నడిపించువారికిని, ఎక్కువారికిని, నాల్గవ తడవ పోవునపుడు గొడుగు తెఱచి గుఱ్ఱమును బెదరింతుమని ముందుగా చెప్పిరి. ఆ తడవ గొడుగు తెఱవనే లేదు. కాని రానున్న బెదురును తలచుకొని మనుష్యుల గుండె వేగము హెచ్చినది. ఏమియు తెలియని గుఱ్ఱముల గుండె వేగమును హెచ్చినది. కోపముతోనున్న మనుష్యుని ముఖచిత్రమును చూచినపుడు గుఱ్ఱపు గుండె వేగము త్వరగా హెచ్చుట 2016లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయమువారు కనుగొనిరి. రౌతు భయపడినచో గుఱ్ఱము భయపడును. రౌతు లోపలి కోపము జీను దాటి దిగును. మొగమున నవ్వు పులుముకొన్నవాడు మనుష్యులను వంచింపవచ్చును. బిగిసిన తన చేతిని గుఱ్ఱమునొద్ద దాచలేడు.

ఇప్పుడు అశ్వహృదయమనగా నేమో కొంత తేటపడినది. గుఱ్ఱపు హృదయమును ఎఱుగుట అందు సగమే. గుఱ్ఱము మన హృదయమును ఎఱుగునని ఎఱుగుట తక్కిన సగము. నలుడు కష్టములలో నున్నను గుఱ్ఱములు అతనిని మెచ్చుటకు ఏ మంత్రము కావలెను? పగ్గము పట్టిన చేతి నెమ్మది, ఆ నెమ్మది రథపు ధ్వనిలో వినబడుట, ఇవి చాలును.

ఒకప్పుడు మన పట్టణములలో రైలుస్టేషనుల వద్ద జట్కాబండ్లు బారులుతీరి యుండెడివి. ఆ గుఱ్ఱముల కన్నుల కిరుప్రక్కల కట్టిన తోలుగంతలు చుట్టును చూడగల వాని చూపునకు వేసిన తలుపులు. ఆ జట్కాలలో కొన్నింటిని తోలువాడు నోటితో చేసిన చిన్న సద్దుకే గుఱ్ఱము కదలెడిది. కొన్నింటిపై కొరడా విశ్రాంతి యెఱుగకుండెను. గుఱ్ఱములు ఒక్కటే, తోలిన మనసులు వేఱు. బస్సులును ఆటోలును వచ్చిన పిదప ఆ జట్కాలు మఱుగైనవి. కాని కొట్టములో ఎద్దు, పాకలో పాడిగేదె, గుమ్మము ముందు కుక్క ఇంకను మనుష్యుని చదువుచునే యున్నవి. సాయంత్రము ఇంటికి వచ్చు రైతు విసుగుతో వచ్చుచున్నాడో, నెమ్మదితో వచ్చుచున్నాడో అడుగుల చప్పుడునుబట్టియే అవి తెలిసికొనును. వాని యెదుట నిలుచునపుడు తన్ను తాను సరిదిద్దుకొనుటయే అశ్వహృదయమున మొదటి పాఠము.

కడపట ఒక మాట. పాండ్యతీరమున గుఱ్ఱములు చచ్చుటకు, మార్కోపోలో చెప్పినదే నిజమైనచో, మూలకారణము తెలిసినవారు తమ విద్యను దాచుట. కిక్కులి చచ్చి మూడువేల మూడువందల యేండ్లు దాటినను అతని విద్య నేటికి నిలుచుటకు కారణము అది పలకల కెక్కుట. క్సెనొఫోన్ నెమ్మదితనము నేటి రౌతునకు అందుటకు కారణము అది గ్రంథమగుట. విద్య దాచబడినచోట మూగజీవములు చచ్చును. వ్రాయబడి, పదుగురు చదువు తావున ఉంచబడినచోట బ్రదుకును. ఇరువదియైదేండ్లుగా ఒక పల్లెలోని గ్రంథాలయము ప్రతి సాయంత్రము తలుపులు తెఱచి, దీపము వెలిగించి చేయుచున్న పని అదియే. దీని యరలలోని పుస్తకములు పెక్కు చేతులలో నలిగి అట్టలు చినుగుగాక. క్రొత్త యట్టలు వేయుటకు చందాదారులు వెనుదీయకుందురుగాక.